తెర మీద పొడుగు బూట్లు

కోబుర్గ్,
1883 సెప్టెంబరు 14

ప్రియమైన సిడోనీ అక్కకు,

ముందు కూర్చో. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు. కూర్చున్నావా? అయితే విను. నీ తమ్ముడికి సొంతంగా వెయ్యడానికి ఒక నాటకం తెర ఇచ్చారు. కొమ్మా రెమ్మా కాదు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా మొత్తం తెర!

ఇరవై రెండేళ్ళుగా ఈ పనిశాలలో నేను ఆకులవాణ్ణని నీకు తెలుసు కదా. ఆకాశాలు గోట్‌హోల్డ్ వేస్తాడు. మేడలూ స్తంభాలూ మా పనిశాల పెద్దాయన గీస్తారు. నా దాకా వచ్చేసరికి మిగిలేది ఆకులే. ఈ దేశంలో ఏ నాటకశాలకి వెళ్ళినా నా అడవిలోనే రాకుమార్తెలు దారి తప్పుతారు, నా పొదల్లోనే దొంగలు దాక్కుంటారు. కరపత్రం మీద మాత్రం పెద్దాయన పేరే ఉంటుంది. నేను ఇప్పటిదాకా వేసిన ఆకులన్నీ ఒక్కసారి రాలితే మా పనిశాల కప్పు దాకా కూరుకుపోతుంది.

ఇప్పుడేమైందంటే, ట్రోమ్లర్ అనే డైరెక్టరు ఈ శీతాకాలానికి జోన్నెబెర్గ్‌లో సత్రం హాలు అద్దెకి తీసుకున్నాడు. పల్లెటూరి హాస్యనాటకం వేస్తాడట, ఊరి నడిబొడ్డు కనిపించే వెనక తెర కావాలన్నాడు. పెద్దాయనకి మోకాలు వాచి లేవలేకపోతున్నారు. నన్ను పిలిచి, "అల్బిన్, నీకో పల్లెటూరుందిగా? అదే వేసెయ్యి. పేరు కూడా నీదే వేయించుకో, పో!" అన్నారు.

అందుకని మన ఎర్లెన్‌గ్రుండ్‌నే వేశాను. పెంతెకొస్తు పండక్కి వచ్చినప్పుడు చర్చి గోడెక్కి ఒక బొమ్మ గీసుకున్నానే, అది తీశాను. అరచేయంత కాగితం మీద గళ్ళు కొట్టాను. నేల మీద పరిచిన గుడ్డ మీద సుద్ద తాడుతో అన్నే పెద్ద గళ్ళు కొట్టాను. ఇక చిన్న గడిలో ఉన్నదాన్ని పెద్ద గడిలోకి ఎక్కించుకుంటూ పోవడమే. పెద్దాయన మాకు మొదటి రోజే నేర్పింది ఒకటే: గడిలో ఏముందో అది వెయ్యి, ఎందుకుందని అడక్కు. నాలుగు వారాలు ఊలు జోళ్ళు తొడుక్కుని, చీపురంత కుంచె పట్టుకుని మన ఊరి మీద నడిచాను అక్కా. పాస్టరమ్మగారి ఇంటి కప్పు మీద నిలబడి తుమ్మాను. పీపాల హాన్నెస్ గుమ్మంలో కూర్చుని రొట్టే సాసేజీ తిన్నాను. రంగులో కలిపే ఎముకల జిగురు వాసన తప్ప అంతా మన ఊరే.

నీ ఇల్లు ఎడమ పక్కన పెట్టాను. దీపాల వెలుగు బాగా పడే చోటది. పక్క కిటికీలో ఆరేసిన ఆ పొడుగు బూట్లు వేస్తున్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. మీ బడి మాస్టారు, మా బావ పోయి ఐదేళ్ళయినా ఆయన బూట్లకి నూనె రాసి ఎండలో పెడుతున్నావంటే నీలాంటి భార్య ఎవరికి దొరుకుతుంది? వాటిని మాత్రం చాలా శ్రద్ధగా వేశాను. మనిషెత్తు వచ్చాయి. హాలులో చిట్టచివర నిలబడ్డవాడికి కూడా కుట్లు కనపడతాయి.

అక్టోబరు ఆరు, శనివారం మొదటి ఆట. తప్పక రావాలి.

నీ తమ్ముడు,
అల్బిన్


ఎర్లెన్‌గ్రుండ్,
సెప్టెంబరు 19

ఒరేయ్ అల్బిన్,

నిలబడే చదివాను. పొయ్యి మీద దుంపల ఉండలు ఉడుకుతుంటే కూర్చోమంటే ఎలారా? చదివాక మాత్రం కూర్చున్నాను. ఉండలు చితికిపోయాయి, అయినా ఫరవాలేదు. నా తమ్ముడు తెర వేశాడని పొద్దుటి నుంచి కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. హాన్నెస్ అయితే, "మా ఇల్లు కూడా ఉందా? మరి నేను?" అని మీసం దువ్వుకున్నాడు. పాస్టరమ్మగారు అప్పుడే రెండు బళ్ళు మాట్లాడేశారు, ఊరంతా కలిసి మొదటి ఆటకి వస్తారట.

దుంపలు తవ్వడం సగం అయింది. నడుము నొప్పి మామూలే. కోళ్ళు బాగున్నాయి.

అన్నట్టు, ఒక చిన్న మాట. ఆ కిటికీలో బూట్లు తీసెయ్యి. ఏం లేదు, కిటికీకి బూట్లు వేలాడుతుంటే ఇల్లు శుభ్రంగా ఉండదనుకుంటారు కదా. వాటి బదులు ఒక జిరేనియం పూలకుండీ పెట్టు. నాకు జిరేనియం అంటే ఎంతిష్టమో నీకు తెలియనిదేముంది. మర్చిపోకు. ఆరో తారీకు లోపల. ఆ బూట్ల సంగతి ఎవరితోనూ అనకు కూడా, సిగ్గుగా ఉంటుంది.

నువ్వు వేళకి తిను. జిగురు వాసనతో కడుపు నిండదు.

నీ అక్క,
సిడోనీ

మర్చిపోకు. బూట్లు.


కోబుర్గ్,
సెప్టెంబరు 26

అక్కా,

జిరేనియమా! చిన్నప్పటి నుంచి ఆ వాసన తగిలితే చాలు నీకు తుమ్ములు ఆగవు. అమ్మ పెంచిన కుండీని మేకకి పెట్టింది ఎవరు? అదెప్పుడు ఇష్టమైపోయింది నీకు?

పైగా సంగతి చెయ్యి దాటిపోయింది. తెర ఆరింది, గొట్టంలా చుట్టాం, ఎనిమిదిమంది భుజాలకెత్తుకుని స్టేషనుకి మోసుకెళ్ళారు. ఈపాటికి జోన్నెబెర్గ్‌లో ఉంటుంది. ఇంకో సంగతి చెప్తాను విను. చుట్టే ముందు పెద్దాయన, మోకాలు కాస్త తగ్గడంతో, కర్ర పట్టుకుని నిచ్చెనెక్కి పైనుంచి పావుగంట చూశారు. అప్పుడు కర్రతో బూట్ల వైపు చూపించి, "ఆ ఇంట్లో మనుషులున్నారయ్యా అల్బిన్. మిగతావి గోడలు" అన్నారు. ఇరవై రెండేళ్ళలో ఆయన నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది. దాన్ని తుడిచెయ్యమంటావా?

ఇల్లు శుభ్రంగా లేదని ఎవరూ అనుకోరు. అనుకుంటే నా పేరు చెప్పు.

నిజం చెప్పాలంటే అవి కాస్త పొడుగు ఎక్కువయ్యాయేమోనని నాకూ అనుమానం వచ్చింది. గళ్ళు మూడుసార్లు సరిచూశాను, తప్పు లేదు. బావ అంత లోతు నీళ్ళలో చేపలు పట్టేవాడని నాకు తెలీదు. ఆయన గురించి మనకి తెలియనివి ఎన్ని ఉన్నాయో.

ఆరో తారీకు నీకోసం చూస్తుంటాను.

అల్బిన్


ఎర్లెన్‌గ్రుండ్,
అక్టోబరు 9

అల్బిన్,

నేను రాలేదు. జలుబు అని పాస్టరమ్మగారితో చెప్పాను. జలుబు లేదు. భయం ఉంది.

బళ్ళు ఆదివారం తెల్లారి తిరిగొచ్చాయి. నేను కోళ్ళకి గింజలు వేస్తుంటే హాన్నెస్ బండి దిగి తిన్నగా నా మీదికే వచ్చాడు. "మా కప్పు మీద మూడు పెంకులు లేవని జోన్నెబెర్గ్ మొత్తానికి తెలిసిపోయింది! మీ తమ్ముడివి కళ్ళా, భూతద్దాలా?" అని ఒకటే గోల. అంతలోనే, "అయినా గుమ్మంలో మా పీపా మాత్రం అదిరింది" అంటూ నవ్వుకుంటూ పోయాడు. అందరూ ఎవరిల్లు వాళ్ళు వెతుక్కున్నారట. నాటకం ఏమిటో ఒక్కరికీ గుర్తులేదు.

తర్వాత పాస్టరమ్మగారు వచ్చారు.

"మీ తమ్ముడు మా కిటికీ తెరల లేసు కూడా వదల్లేదమ్మా సిడోనీ, ఎంత ముచ్చటగా వేశాడో! అన్నట్టు, మీ పక్క కిటికీలో ఆ బూట్లెవరివి?"

"మాస్టారివేనండీ" అన్నాను.

"మాస్టారు మా ఆయన భుజం దాకా కూడా రారు కదమ్మా! ఆ బూట్లలో దిగితే గడ్డం దాకా మునిగిపోయేవారు పాపం" అన్నారావిడ. ఆవిడ వెనక నిలబడ్డవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆ నాటకంలో అమ్మాయి పాటంతా సరిగ్గా ఆ బూట్ల కిందే నిలబడి పాడిందట. ఆరు చరణాల పాట. చూసుకోవడానికి బోలెడు తీరిక దొరికింది అందరికీ.

సరే, నీకు చెప్పాల్సిన వేళ వచ్చింది. ఆ బూట్లు మీ బావవి కావు. తొడల దాకా వచ్చే బూట్లు, దుంగలు తెప్పకట్టి ఏటి మీద నడిపే తెప్పలవాళ్ళు తప్ప ఎవరు వేస్తారు? మన ఊరికి దుంగల కోసం వచ్చే తెప్పలవాడు ఒక్కడే. పేరు కిలియాన్ జాప్. సరిహద్దు అవతల, బవేరియా పక్క ఊరు. భార్య పోయి చాలా కాలమైంది. రెండేళ్ళ కిందట వసంతంలో వరదొచ్చినప్పుడు తెప్ప తిరగబడి, నిలువునా తడిసి నా గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, బూట్లు ఆరబెట్టుకోవచ్చా?" అని అడిగాడు. అన్నీ అడుగుతాడు ఆ మనిషి. ఇంకో ముక్క రొట్టె తీసుకోవచ్చా అని అడుగుతాడు. నవ్వొచ్చా అని కూడా అడిగేలా ఉంటాడు. అడిగి అడిగి నా మనసులో కూర్చున్నాడు. అప్పటి నుంచి ఏడాదికి నాలుగైదుసార్లు వస్తాడు, పెరటి దారిన. నిరుడు పెళ్ళి చేసుకుందామన్నాడు. ఆగమన్నాను.

ఎందుకాగమన్నానో నీకు వేరే చెప్పాలా? అతను కతోలికుడు, మనం ప్రొటెస్టెంట్లం. నేను మాస్టారి భార్యని. చర్చిలో రెండో బెంచీ నాది. పిల్లలు వీధిలో టోపీలు తీసి నమస్కారం పెడతారు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాక నన్ను చూసి నవ్వుకుంటారంటే తట్టుకోలేననిపించింది. నీకెందుకు చెప్పలేదంటావా? నువ్వు ఊరంతా "మా అక్క దేవత" అని చెప్పుకు తిరుగుతావు కదరా. దేవతల కిటికీలో తెప్పలవాడి బూట్లు ఉండవు.

ఇంకా పేరు ఎవరూ పైకి అనలేదు. ఇప్పుడు తీసేస్తే మర్చిపోతారు. తమ్ముడూ, నువ్వు నాకేం చెయ్యకపోయినా ఇదొక్కటి చెయ్యి. తుడిచెయ్యి.

సిడోనీ


కోబుర్గ్,
అక్టోబరు 19

అక్కా,

రెండేళ్ళు! రెండేళ్ళలో నేను నీకు రాసినవి ఎన్ని ఉత్తరాలు, నువ్వు నాకు రాసినవి ఎన్ని? కోళ్ళ గురించి పేజీలు పేజీలు రాశావు. నల్లకోడి పొదగడం మానేసిందని రాశావు. తెప్పలవాడి గురించి ఒక్క ముక్క లేదు! ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి బూట్ల మీద నేను కన్నీళ్ళు పెట్టుకున్నానంటే నా మీద నాకే నవ్వొస్తోంది. ఆ కుట్లన్నీ బావ జ్ఞాపకమనుకుంటూ వేశాను కదే!

కతోలికుడైతే నాకేమిటి? మా పనిశాలలో ఆకాశాలన్నీ వేసే గోట్‌హోల్డ్ ఏ చర్చికీ పోడు, అయినా అతను వేసినంత దివ్యమైన ఆకాశం నేనెక్కడా చూడలేదు. నువ్వు దేవతవని నేను చెప్పుకోవడం నిజమే. ఇక మీద తగ్గిస్తాను.

నువ్వు అడిగింది చేశాను. నిన్న రైలెక్కి జోన్నెబెర్గ్ వెళ్ళాను. నేల మీద పరిచి వెయ్యడం వేరు, వేలాడుతున్న తెర మీద నిచ్చెనెక్కి వెయ్యడం వేరు. రంగు మోచేతి దాకా కారింది. జిగురు సత్రం వంటింట్లో కాచాను. వంటామె, "ఇదేం చారండీ బాబూ!" అని ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తింది. మా రంగు తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక రెండు మెట్లు పాలిపోయి ఇంకోలా ఉంటుంది. మళ్ళీ గ్యాసు దీపాల కింద పసుపు తెల్లబడుతుంది, నీలం మాసిపోతుంది. అందుకని పక్క గోడతో కలిసేదాకా నాలుగుసార్లు కలిపి చూశాను. ఆఖరికి బూట్లు పోయాయి. నీకు ఎంతో ఇష్టమైన జిరేనియాలు వచ్చాయి. ఎర్రవి, పదకొండు.

ట్రోమ్లర్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "మీ ఊరివాళ్ళు ఆ బూట్లు చూడ్డానికే రెండోసారి టికెట్లు కొన్నారయ్యా! మీ ఊరి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వస్తున్నారు! ఎందుకు తుడిచావు?"

"తప్పు వేశాను. వేసినవాడిని నేనే కాబట్టి దిద్దుకుంటున్నాను" అన్నాను. ఎదిరించి మాట్లాడటం నాకదే మొదటిసారి. బాగానే ఉంది.

కరపత్రం పంపుతున్నాను. నా పేరు కింద నుంచి రెండో వరసలో ఉంది, విగ్గులాయన తర్వాత.

అల్బిన్


ఎర్లెన్‌గ్రుండ్,
అక్టోబరు 30

తమ్ముడూ,

నువ్వు మాట నిలబెట్టుకున్నావు. కుండీ చక్కగా కుదిరిందని అందరూ అంటున్నారు. నీ తప్పు ఇందులో ఏమీ లేదు. ముందే చెబుతున్నాను.

కిలియాన్ మొన్న ఆదివారం వచ్చాడు. పెరటి దారిన కాదు, వీధి గుమ్మంలోకే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

అతని ఊరిదాకా పాకింది కబురు, ఎర్లెన్‌గ్రుండ్ తెర మీద తెప్పలవాడి బూట్లున్నాయని. విని పొంగిపోయాడట. మొన్న శనివారం ఆరుగురు తెప్పలవాళ్ళని వెంటేసుకుని జోన్నెబెర్గ్ వెళ్ళాడు. దారంతా వాళ్ళకి బీరు పోయించాడు. ముందు తెర లేచే దాకా ఆగలేక ఇదిగో ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు అని పక్కవాళ్ళని మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడట.

"ఊరంతా చూశారని తెలిసి నాకు భయమెయ్యలేదు సిడోనీ, సంతోషమేసింది. ఇక దాక్కోనక్కర్లేదు, మన బదులు ఆ బొమ్మే చెప్పేసింది అనుకున్నాను. మావాళ్ళని తీసుకెళ్ళాను. పూలకుండీ చూపించాను వాళ్ళకి" అన్నాడు.



"మీ తమ్ముడు తనంతట తానే తుడిచాడా?" అని అడిగాడు. అబద్ధం చెప్పొచ్చు. నీ మీద తోసెయ్యొచ్చు. తోసెయ్యలేదు.

"నేనే తుడవమన్నాను" అన్నాను.

"సరే" అన్నాడు. అలమరలో ఉన్న తన పొగాకు డబ్బా తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వచ్చినప్పుడల్లా అన్నీ అడిగే మనిషి ఆ రోజు వెళ్ళొచ్చా అని అడగలేదు.

ఊళ్ళో నా గౌరవం ఎక్కడికీ పోలేదురా. పాస్టరమ్మగారు నిన్న నాకు ప్లమ్ కేకు పంపారు. తినబుద్ధి కాక కోళ్ళకి వేశాను. నాకు అతను కావాలి అల్బిన్. ఇంత వయసొచ్చి ఇలా రాస్తున్నానని నవ్వుకుంటే నవ్వుకో. నాకు అతనే కావాలి.

సిడోనీ


కోబుర్గ్,
నవంబరు 8

అక్కా,

నవ్వలేదు. ఉత్తరం రెండుసార్లు చదివి, జిగురు మాడబెట్టి, పెద్దాయన చేత తిట్లు తిన్నాను.

ఒక కబురు. ట్రోమ్లర్ రాశాడు. కుండీ వెనక నుంచి రెండు నల్ల కాళ్ళు బయటికొస్తున్నాయట. జిగురు రంగు మీద తడి తగిలితే కింది నలుపు పైకి ఊరుతుంది. ఆకులవాణ్ణి కదా, ఆకుల కింద ఎప్పుడూ ఆకులే ఉండేవి, ఈ తలనొప్పి నాకు తెలీదు. ఇప్పుడక్కడ పదకొండు జిరేనియాలు బూట్లు తొడుక్కుని నిలబడి ఉన్నాయట. జనం పడీ పడీ నవ్వుతున్నారని రాశాడు. కాబట్టి మర్చిపోతారని మనం అనుకున్నది జరగలేదు.

మళ్ళీ వెయ్యమంటే వేస్తాను. రేపే వెళ్ళి, కుండీ గీకేసి, అంతకంటే మంచి బూట్లు వేస్తాను. నా అక్క కోసం కాకపోతే ఈ కుంచె ఎందుకు? కానీ రాత్రంతా ఆలోచించాను. ఆ మనిషికి కోపం నా గుడ్డ మీద కాదు. నేనక్కడ బూట్లు వేసినా, ఆయన నిలువెత్తు బొమ్మే వేసినా, "మళ్ళీ తమ్ముడి చేత చెప్పించింది" అనుకుంటాడు. ఇది నా చేతిలో పని కాదక్కా.

నీకు చెప్పని సంగతి ఒకటి నా దగ్గరా ఉంది. మొదటి ఆట రోజు నేను హాలు చివర తలుపు దగ్గర నిలబడ్డాను. ముందు తెర లేచింది. ఇంకా ఒక్క నటుడు కూడా రాలేదు, ఎవరూ నోరు విప్పలేదు, అయినా జనం చప్పట్లు కొట్టారు. నాకే! నా ఊరికి, నా గోడలకి. ఇరవై రెండేళ్ళుగా నేను ఎదురుచూసింది దానికోసమే. అప్పుడు వరస వెంట వరస నీకోసం వెతికాను. హాన్నెస్ ఉన్నాడు, పాస్టరమ్మగారున్నారు. నువ్వు లేవు. జలుబని చెప్పారు. అంతమంది చప్పట్లు కొడుతుంటే నాకు ఎవరూ లేనట్టే అనిపించింది. ఉన్న ఒక్క మనిషీ రాకపోతే అలాగే ఉంటుంది. కిలియాన్‌గారికి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో నాకు బాగా తెలుసు. నిన్ను నిష్ఠూరమాడటం లేదు, నిజంగా.

నవంబరు ఇరవైనాలుగు, శనివారం ఆఖరి ఆట. నాకు ఆ రోజు పెద్దాయనతో వైమార్‌లో పని ఉంది, రాలేను. ట్రోమ్లర్ నాకిచ్చిన రెండు టికెట్లు ఇందులో పెడుతున్నాను. ముందు వరస, సరిగ్గా నడి మధ్యలో. ఊరివాళ్ళు అందరూ మళ్ళీ బళ్ళు కడుతున్నారట కదా. ఒక టికెట్ మీద నువ్వు కూర్చో. రెండోది నీ ఇష్టం.

అల్బిన్


ఎర్లెన్‌గ్రుండ్,
నవంబరు 26

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు కూర్చునే చదువు. నేను కూర్చునే రాస్తున్నాను, ఎందుకంటే మొన్నటి నుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు టికెట్లు చక్కెర డబ్బాలో పెట్టి మూత పెట్టాను. నాలుగో రోజు ఆదివారం. మన చర్చికి పోకుండా సామాన్ల బండి ఎక్కి సరిహద్దు దాటి కిలియాన్ ఊరు వెళ్ళాను. వాళ్ళ పూజ ఇంకా అవలేదు. చర్చి ఎదుట మెట్ల కింద నిలబడ్డాను. మంచు పడుతోంది. తలుపులు తెరిచారు, ఊరు ఊరంతా బయటికొచ్చింది. ఆ ఆరుగురు తెప్పలవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మధ్యలో అతను. నన్ను చూసి మెట్ల మీదే ఆగిపోయాడు.

నా గొంతు మరీ గట్టిగా వచ్చింది.

"కిలియాన్ జాప్‌గారూ! వచ్చే శనివారం నాతో నాటకానికి వస్తారా?"

అతను టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎక్కడ కూర్చుంటాం?"

"ముందు వరసలో. మధ్యలో."

"మీ ఊరివాళ్ళు వస్తారు కదా?"

"రెండు బళ్ళ నిండా వస్తారు."

"పక్క పక్కనేనా?"

"పక్క పక్కనే. పెళ్ళికి కూడా పక్క పక్కనే కూర్చుంటారు కదా, అప్పటికి అలవాటవుతుంది" అన్నాను. అలా అంటానని నాకే తెలీదురా. తెప్పలవాళ్ళలో ఒకడు ఈల వేశాడు. కిలియాన్ మెట్లు దిగొచ్చి, "నేను ఏడవొచ్చా?" అని అడిగాడు. ఇంట్లో ఏడుద్దువుగాని పద అన్నాను.

కొత్త సంవత్సరం రాగానే కోబుర్గ్ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. పాస్టరుగారు చెయ్యరు, వాళ్ళ ఫాదరూ చెయ్యరు, చేసేది ప్రభుత్వం. సాక్షివి నువ్వే. జిగురు మరకలు లేని కోటు ఒకటి సంపాదించు.

ఇక శనివారం సంగతి. మేం వెళ్ళేసరికి మనవాళ్ళందరూ కూర్చుని ఉన్నారు. కిలియాన్ చేయి పట్టుకుని నడి దారి వెంట ముందు వరస దాకా నడిచాను. అంత చిన్న హాలు అంత పొడుగు ఎలా అయిందో నాకు తెలీదు. హాన్నెస్ లేచి నిలబడి టోపీ తీశాడు. పాస్టరమ్మగారు తీయలేదు, విసనకర్ర తీశారు. మా వెనక నుంచి "ఆవిడే", "అతనే", "కతోలికుడే", "పొడుగ్గానే ఉన్నాడు" అని వినపడుతూనే ఉంది. నా చెవులు కాలిపోయాయి. తల మాత్రం వంచలేదు. నిన్న చర్చిలో రెండో బెంచీలో నా పక్కన ఒక్కరూ కూర్చోలేదు. బెంచీ అంతా నాదే కదా అని పాటల పుస్తకం పక్కన పరుచుకున్నాను. ఇంటికొచ్చాక కాసేపు ఏడ్చాను. తర్వాత ఆకలేసింది.

నీ తెర ఎలా ఉందని అడుగుతావు. ఎన్నాళ్ళుగా నేను చూడాలని కోరుకున్నావో తెలుసు కాబట్టి అబద్ధం చెప్పను. గంట మోగింది, ముందు తెర లేచింది. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు, హాలంతా హోరెత్తిపోయింది. నేను మాత్రం కొట్టలేదురా తమ్ముడూ. ఒక చెయ్యి ఖాళీ లేదు.

నీ అక్క,
సిడోనీ